పిల్లల గుండె లయ తప్పినప్పుడు

పిల్లవాడు ఆరోగ్యంగా ఉన్నాడని చెప్పడానికి మన ఇళ్ళలో కొన్ని గుర్తులు స్థిరపడి ఉన్నాయి. కడుపునిండా తింటున్నాడు, వయసుకు తగినట్లు ఎదుగుతున్నాడు, తోటి పిల్లలతో సమానంగా పరుగెత్తుతున్నాడు, చదువులో చురుకుగా ఉన్నాడు. ఈ గుర్తులన్నీ నిజమైనవే. అయితే ఇవన్నీ ఉన్న పిల్లల్లో కూడా కొందరికి గుండె కొట్టుకునే క్రమంలో తేడా వస్తుంటుంది. గుండెలో రంధ్రం ఉండదు, కవాటాలు సవ్యంగా ఉంటాయి, కండరం బలంగా ఉంటుంది. లయ ఒక్కటే తప్పుతుంది. వైద్యులు దీనిని అరిథ్మియా అంటారు.

ఈ విషయంలో తల్లిదండ్రులు రెండు భిన్నమైన పొరపాట్లు చేయడం చూస్తుంటాం. డాక్టరు స్టెతస్కోపు పెట్టి "కొంచెం లయ తేడాగా ఉంది" అనగానే కొందరు ఆ బిడ్డను ఆటపాటలకు దూరం చేసి, మంచానికి కట్టేసినంత పని చేస్తారు. మరికొందరు, పరుగెత్తుతూ పరుగెత్తుతూ బిడ్డ స్పృహ తప్పి పడిపోయినా, "ఎండకు కళ్ళు తిరిగి ఉంటాయి" అని నిమ్మరసం తాగించి ఊరుకుంటారు. మొదటివారి భయానికి చాలాసార్లు ఆధారం ఉండదు. రెండోవారి నిశ్చింతకు మూల్యం ఒక్కోసారి బిడ్డ ప్రాణం. ఏది సహజం, ఏది ప్రమాదం అన్న తేడా తెలిస్తే ఈ రెండు పొరపాట్లనూ తప్పించుకోవచ్చు. ఈ నెల ఆ తేడాను గురించే ముచ్చటిద్దాం.

లయ ఎక్కడ పుడుతుంది?

గుండె ఒక కండరం. అది ముడుచుకోవడానికి ఒక సంకేతం కావాలి. ఆ సంకేతం మెదడు నుంచి వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది గుండెలోనే పుడుతుంది. కుడివైపు పై గదిలో, పెద్ద సిర వచ్చి కలిసే చోట, కొన్ని ప్రత్యేక కణాల గుంపు ఉంది. అది తనంతట తానే సన్నని విద్యుత్ సంకేతాన్ని పుట్టిస్తుంది. ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు 1907లో దానిని గుర్తించారు. అంతకు ముందు ఏడాది, 1906లో, జర్మనీలో పరిశోధన చేస్తున్న జపాను వైద్యుడు సునావో తవారా, పై గదుల నుంచి కింది గదులకు సంకేతం దిగే మార్గాన్ని వివరించాడు. పై గదులు ముందు ముడుచుకోవాలి, కింది గదులు ఆ తరువాత ముడుచుకోవాలి. ఆ రెంటి మధ్య లిప్తపాటు విరామం ఇచ్చేది తవారా చూపిన ఆ కూడలే.

మెదడు ఈ వేగాన్ని పెంచగలదు, తగ్గించగలదు. భయం, కోపం, పరుగు, జ్వరం వేగాన్ని పెంచుతాయి. నిద్ర తగ్గిస్తుంది. నెలల పసికందు గుండె నిమిషానికి 100 నుంచి 160 సార్ల వరకు కొట్టుకుంటుంది. బడికి వెళ్ళే వయసు వచ్చేసరికి అది సుమారు 70 నుంచి 110 మధ్యకు దిగుతుంది. యుక్తవయసులో పెద్దల మాదిరిగానే 60 నుంచి 100 మధ్య ఉంటుంది. కనుక పసిబిడ్డ ఛాతీ మీద చెయ్యి వేసి, తమ నాడితో పోల్చుకొని "ఇంత వేగమా!" అని కంగారుపడే తల్లులు ఈ అంకెలను గుర్తుంచుకోవాలి.

నాడి చూసి లయను అంచనా వేయడం మన పూర్వీకులకు తెలియని విద్య కాదు. హకీములు "నబ్జ్" చూసేటప్పుడు వేగం ఒక్కటే చూసేవారు కారు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం సమంగా ఉందా లేదా అన్నది కూడా పరిశీలించేవారు. ఇబ్నె సీనా తన "అల్ ఖానూన్"లో క్రమం గల నాడిని, క్రమం తప్పిన నాడిని వేరువేరుగా వర్గీకరించాడు. నాడి వేళ్ళకు తెలిసిన దానిని కాగితం మీద గీతగా చూపే ఇసిజి యంత్రాన్ని ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో హాలెండుకు చెందిన విలెమ్ ఐంథోవెన్ వాడుకలోకి తెచ్చాడు. 1924లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఈనాటికీ పిల్లల గుండె లయను తెలుసుకోవడానికి మొదటి పరీక్ష ఇదే. సూది ఉండదు, నొప్పి ఉండదు, కొన్ని నిమిషాల్లో పూర్తవుతుంది.

భయపడనక్కరలేని తడబాట్లు

మీ పిల్లవాడు ప్రశాంతంగా పడుకొని ఉన్నప్పుడు మణికట్టు దగ్గర నాడి పట్టుకొని చూడండి. గాలి లోపలికి పీల్చినప్పుడు నాడి కొంచెం వేగం అందుకుంటుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. పిల్లల్లో, యువకుల్లో ఇది స్పష్టంగా తెలుస్తుంది. దీనిని చూసి కొత్తవారు లయ తప్పిందనుకుంటారు. ఇది జబ్బు కాదు, శ్వాసకూ గుండెకూ మధ్యనున్న సహజమైన పొందిక. వయసు పెరిగే కొద్దీ తగ్గుతుంది.

రెండోది, మధ్యలో ఒక దెబ్బ ముందుగా పడడం. వరుసలో పడవలసిన దెబ్బ తొందరపడి ముందే వస్తుంది. ఆ తరువాత చిన్న విరామం, దాని వెంట ఒక బలమైన దెబ్బ. పిల్లలు దీనిని తమ మాటల్లో చెబుతారు: "అమ్మీ, నా గుండె ఒకసారి ఆగి దూకింది" అంటారు. ఆరోగ్యవంతులైన పిల్లల్లో ఇలాంటి అదనపు దెబ్బలు తరచుగా కనిపించేవే. ఇసిజి, ఎకో పరీక్షలు సవ్యంగా ఉండి, కుటుంబంలో చిన్నవయసు మరణాలు లేకుండా, పరుగెత్తినప్పుడు ఆ అదనపు దెబ్బలు మాయమవుతుంటే అవి సాధారణంగా హానిలేనివి. వాటికి మందు కూడా అవసరం ఉండదు. అందుకు భిన్నంగా, ఆటలో, పరుగులో అవి పెరుగుతుంటే మాత్రం పిల్లల గుండె నిపుణునికి చూపించాలి.

హానిలేనిదని వైద్యుడు నిర్ధారించిన తరువాత ఆ బిడ్డను రోగిగా చూడకండి. "నీకు గుండె జబ్బుంది, పరుగెత్తకు" అన్న మాట ప్రతిరోజూ వింటూ పెరిగిన పిల్లవాడు తన గుండె చప్పుడునే శత్రువులా వింటుంటాడు. జబ్బు లేని చోట ఆ మాటే జబ్బవుతుంది.

ఉన్నట్టుండి ఉరికే గుండె

కూర్చొని పాఠం చదువుకుంటున్న పిల్లవాని గుండె ఉన్నట్టుండి, మీట నొక్కినట్లు, విపరీతమైన వేగంతో కొట్టుకోవడం మొదలవుతుంది. కొంతసేపటికి మొదలైనంత హఠాత్తుగా ఆగిపోతుంది. పరుగు వల్లనో భయం వల్లనో పెరిగే వేగం మెట్టు మెట్టుగా పెరిగి, మెట్టు మెట్టుగా దిగుతుంది. ఇది అలా కాదు. ఈ హఠాత్తుతనమే దీని ఆనవాలు. నిమిషానికి 180 దాటుతుంది, పసికందులలో 220 కూడా దాటుతుంది. వైద్యులు దీనిని ఎస్‌విటి అంటారు. పిల్లల్లో లక్షణాలతో బయటపడే వేగపు లయల్లో అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే.

దీనికి తరచుగా కారణం గుండెలో పుట్టుకతో ఉన్న ఒక అదనపు దారి. పై గదుల నుంచి కింది గదులకు సంకేతం ఒకే దారిన దిగాలి. రెండో దారి ఉంటే సంకేతం ఒక దారిన దిగి, మరో దారిన పైకెక్కి, గానుగెద్దులా చుట్టూ తిరుగుతుంది. 1930లో లూయీ వోల్ఫ్, జాన్ పార్కిన్సన్, పాల్ డడ్లీ వైట్ అనే ముగ్గురు వైద్యులు 11 మంది రోగుల వివరాలు ప్రకటించారు. వారంతా ఆరోగ్యవంతులైన యువతీయువకులే. అప్పుడప్పుడు గుండె ఉరకడం, ఇసిజిలో ఒక ప్రత్యేకమైన ఆకారం కనిపించడం, ఈ రెండే వారిలో తేడాలు. ఆ స్థితిని నేటికీ ఆ ముగ్గురి పేర్లతో డబ్ల్యూపీడబ్ల్యూ అని పిలుస్తున్నారు.

మాటలు వచ్చిన పిల్లవాడు "గుండె దడదడలాడుతోంది" అని చెప్పగలడు. పసికందు చెప్పలేదు. పాలు తాగకపోవడం, ఊరకే చిరాకుపడడం, ముఖం పాలిపోవడం, పాలు తాగుతూ చెమటలు పట్టడం, ఊపిరి వేగంగా తీయడం, ఇవే బిడ్డ చెప్పే మాటలు. ఒకటి రెండు రోజులు అదే వేగం కొనసాగితే గుండె అలసి విఫలమయ్యే ప్రమాదం ఉంది. అటువంటి బిడ్డను ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి.

కొంచెం పెద్ద పిల్లలకు వైద్యులు ఒక ఉపాయం నేర్పుతారు. ఊపిరి బిగబట్టి కడుపు మీద ఒత్తిడి తెచ్చుకోవడం, లేదా ఖాళీ సిరంజిలోకి గట్టిగా ఊది లోపలి పిస్టన్‌ను కదపడానికి ప్రయత్నించడం వల్ల ఒక నరం ప్రేరేపితమై గుండె వేగం ఆగిపోవచ్చు. వైద్యుడు నేర్పిన పిల్లవాడే దీనిని చేయాలి. కనుగుడ్లను నొక్కడం అనే పాత పద్ధతి కంటికి ప్రమాదం, ఎవరు చెప్పినా చేయకండి. ఆసుపత్రిలో అడెనోసిన్ అనే ఇంజక్షన్‌తో లయను క్షణాల్లో సరిచేస్తారు. మళ్ళీ మళ్ళీ వస్తుంటే, తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని తీగను గుండెలోకి పంపి ఆ అదనపు దారిని మూసివేస్తారు. దీనిని అబ్లేషన్ అంటారు. ఛాతీ కోయవలసిన పని లేదు. నూటికి తొంభై మందికి పైగా దీనివల్ల పూర్తిగా బాగుపడుతున్నారు.

స్పృహ తప్పడం: రెండు రకాలు

పిల్లలు స్పృహ తప్పి పడిపోవడం అరుదైన విషయమేమీ కాదు. ఉదయం ఏమీ తినకుండా వచ్చి ఎండలో ప్రార్థనా సమావేశంలో చాలాసేపు నిలబడిన అమ్మాయి కళ్ళు మసకబారి, చెమటలు పట్టి, కడుపులో తిప్పినట్లై మెల్లగా ఒరిగిపోతుంది. సూదిని చూసి, రక్తాన్ని చూసి ఒరిగిపోయేవారూ ఉన్నారు. పడుకోబెట్టి కాళ్ళు కొంచెం ఎత్తిపెడితే ఒకటి రెండు నిమిషాల్లో తేరుకుంటారు. పిల్లల స్పృహ తప్పడాల్లో ఎక్కువ భాగం ఇటువంటివే. నీళ్ళు బాగా తాగడం, వేళకు తినడం, కళ్ళు మసకబారగానే కూర్చోవడం దీనికి సరిపోతుంది.

మరో రకం ఉంది. అందులో ముందస్తు సూచన ఉండదు. పరుగెత్తుతూ ఉండగా, ఈత కొడుతూ ఉండగా, ఎవరో హఠాత్తుగా అరిచినప్పుడు, గడియారం అలారం మోగినప్పుడు, తీవ్రమైన భయానికో కోపానికో గురైనప్పుడు పిల్లవాడు నరికిన చెట్టులా కూలిపోతాడు. ఒక్కోసారి నిద్రలో జరుగుతుంది. కాళ్ళూ చేతులూ కొట్టుకోవచ్చు కూడా. ఇది ప్రమాద సూచన. ఒక్కసారి జరిగినా చాలు, ఇసిజి తీయించాలి, గుండె నిపుణునికి చూపించాలి.

దీని వెనుక ఉండగల కారణాలలో ముఖ్యమైనది లాంగ్ క్యూటీ అనే స్థితి. ప్రతి దెబ్బ తరువాత గుండె కణాలు మళ్ళీ విద్యుత్ పరంగా సిద్ధం కావాలి. ఈ సిద్ధమయ్యే కాలం కొందరిలో పుట్టుకతోనే ఎక్కువగా ఉంటుంది. ఆ వ్యవధిలో భయమో శ్రమో ఒక తొందరపాటు దెబ్బను తెస్తే లయ చెదిరి, గుండె రక్తాన్ని పంపలేక వణుకుతుంది. మెదడుకు రక్తం అందక స్పృహ పోతుంది. లయ తనంతట తానే సర్దుకుంటే పిల్లవాడు లేచి కూర్చుంటాడు. సర్దుకోకపోతే లేవడు. దాదాపు రెండు వేల మందిలో ఒకరికి ఈ స్థితి ఉంటుందని అంచనా. సీపీవీటీ అనే మరో వ్యాధిలో విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఇసిజి పూర్తిగా మామూలుగా కనిపిస్తుంది. ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించినప్పుడే లయ చెదరడం బయటపడుతుంది. అందుకే "ఇసిజి బాగానే ఉంది" అన్న ఒక్క మాటతో ఆగిపోకుండా, బిడ్డ ఏ పని చేస్తుండగా పడిపోయాడో వైద్యునికి వివరంగా చెప్పాలి.

లైప్జిగ్‌లోని బాలిక, నార్వేలోని కుటుంబం

1856లో జర్మనీలోని లైప్జిగ్ నగరంలో మైస్నర్ అనే వైద్యుడు బధిరుల గురించి రాసిన పుస్తకంలో ఒక బాలిక ఉదంతాన్ని నమోదు చేశాడు. ఆమె పుట్టు చెవిటి, బధిరుల పాఠశాలలో చదువుతోంది. ఏదో చిన్న తప్పు చేసిందని ఆమెను అందరి ఎదుట నిలబెట్టి మందలించారు. అక్కడికక్కడే ఆమె కూలిపోయి మరణించింది. ఈ వార్త తెలిసినప్పుడు ఆమె తల్లిదండ్రులు ఆశ్చర్యపడలేదని మైస్నర్ రాశాడు. వారి మరో ఇద్దరు పిల్లలు కూడా అంతకుముందు అలాగే, ఒకరు తీవ్రమైన భయానికి, ఒకరు ఆగ్రహానికి లోనై హఠాత్తుగా మరణించారట.

దీనికి అర్థం తెలియడానికి నూరేళ్ళు పట్టింది. 1957లో నార్వేకు చెందిన ఆంటన్ యెర్వెల్, ఫ్రెడ్ లాంగె నీల్సన్ అనే వైద్యులు ఒక కుటుంబాన్ని వర్ణించారు. తల్లిదండ్రులు ఆరోగ్యవంతులు. ఆరుగురు పిల్లల్లో నలుగురు పుట్టు చెవిటివారు. ఆ నలుగురికీ స్పృహ తప్పే జబ్బు ఉండేది. వారిలో ముగ్గురు చిన్నవయసులోనే హఠాత్తుగా మరణించారు. వారి ఇసిజిలో క్యూటీ వ్యవధి బాగా ఎక్కువగా ఉంది. గుండె కణాల్లో పొటాషియం రాకపోకలకు ఒక ద్వారం ఉంటుంది. అదే ద్వారం లోపలి చెవికి కూడా అవసరం. ఆ ద్వారాన్ని నిర్మించే జన్యువు రెండు ప్రతులూ చెడిపోతే వినికిడీ పోతుంది, గుండె లయా చెదురుతుంది. వినికిడి లోపం లేకుండా లాంగ్ క్యూటీ మాత్రమే ఉండే రకాన్ని 1963లో రొమానో, 1964లో వార్డ్ వివరించారు. ఎక్కువమందిలో కనిపించేది ఈ రెండో రకమే.

ఇందులో మన కుటుంబాలు గమనించవలసిన విషయం ఒకటి ఉంది. చెవిటితనంతో కూడిన రకం రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడిన ప్రతులు బిడ్డకు చేరాలి. ఒక్కో ప్రతి మోస్తున్న తల్లిదండ్రులకు వినికిడి లోపం ఉండదు, వారికి తమ సంగతి తెలియనే తెలియదు. అటువంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. దగ్గరి బంధువులకు ఒకే తాతా నానమ్మల నుంచి అదే ప్రతి సంక్రమించే అవకాశం ఎక్కువ. చాచా, మామూ, ఖాలా, ఫూఫీ పిల్లల మధ్య పెళ్ళిళ్ళు మన ఇళ్ళలో ఎన్నో తరాలుగా జరుగుతున్నాయి. మేనరికాలు మన తెలుగు నేల మీద ఇతర కుటుంబాల్లోనూ ఉన్నాయి. షరీఅత్ ఈ సంబంధాలను అనుమతించింది, అయితే తప్పనిసరి చేయలేదు. కుటుంబంలో పుట్టు చెవిటివారో, చిన్న వయసులో హఠాత్తుగా మరణించినవారో ఉన్నప్పుడు, అదే కుటుంబంలో మరో సంబంధం కలుపుకునే ముందు వైద్యుని సలహా తీసుకోవడం వివేకం.

పుట్టు చెవిటి బిడ్డ ఉన్న ప్రతి ఇంటికీ నా విన్నపం: ఆ బిడ్డకు ఒక్కసారి ఇసిజి తీయించండి. చెవిటితనం ఉన్న పిల్లల్లో అత్యధికులకు గుండె సవ్యంగానే ఉంటుంది. కానీ ఉన్నదీ లేనిదీ తెలిసేది ఆ చిన్న పరీక్షతోనే. కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌కు వెళ్ళే పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం.

మూర్ఛా? గాలా? లయా?

లయ చెదిరి పడిపోయే పిల్లవాని కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాయి గనుక చూసినవారు "ఫిట్స్" అంటారు. చేతిలో తాళంచెవుల గుత్తి పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు. పిల్లవాడు లేస్తాడు, తాళంచెవుల వల్లనే లేచాడనుకుంటారు. ఆ తరువాత ఏళ్ళ తరబడి మూర్ఛ మందులు వాడుతూ, అసలు జబ్బు తెలియకుండానే ఉండిపోయే పిల్లలు ప్రపంచమంతటా ఉన్నారని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. ఫిట్స్ అని పేరు పడిన ప్రతి బిడ్డకూ ఒక ఇసిజి ఉండి తీరాలి.

మరికొందరు గాలి సోకిందని, దిష్టి తగిలిందని ఆమిల్‌ల చుట్టూ తిరుగుతారు. తావీజు కట్టిన తరువాత నెలల పాటు మళ్ళీ రాకపోతే అది తావీజు మహిమే అనుకుంటారు. ఈ జబ్బు స్వభావమే అంత. ఒకసారి వచ్చి ఏడాది దాకా రాకపోవచ్చు. రెండోసారి వచ్చినప్పుడు లేవకపోవచ్చు. బిడ్డ కోసం దుఆ చేయండి, కన్నీళ్ళతో చేయండి. అయితే దుఆ చేసినవారు ఆసుపత్రికి వెళ్ళకూడదని మన ధర్మం ఎక్కడా చెప్పలేదు. చికిత్స చేయించడం కూడా మనకు అప్పగించబడిన అమానతును కాపాడడమే.

బడిలో, మదరసాలో

మూడు దశాబ్దాలుగా పిల్లల మధ్య గడుపుతున్నవాడిగా నా తోటి ఉస్తాదులకు, టీచర్లకు ఒక మాట. పిల్లవాడు మన దగ్గర ఇంటి దగ్గర ఉన్నంతసేపు ఉంటాడు. హాస్టల్ మదరసాల్లోనైతే అంతకన్నా ఎక్కువే. వాడు ఎప్పుడు పడిపోయాడో మొదట చూసేది మనమే. సబక్ అప్పజెప్పలేక నిలబడిన పిల్లవాడు ఒరిగిపోతే "నటిస్తున్నాడు" అనుకోవడం తేలిక. భయానికి కూలిపోయే గుండె కూడా ఉంటుందని లైప్జిగ్ బాలిక ఉదంతం చెబుతోంది. బెత్తం, గద్దింపు, నలుగురిలో అవమానం ఏ బిడ్డకూ తగవు. ఏ బిడ్డ గుండె ఎటువంటిదో మనకు తెలియదన్నది దానికి మరొక కారణం.

ప్రవేశపు దరఖాస్తులో మూడు ప్రశ్నలు చేర్చండి. ఈ పిల్లవాడు ఎప్పుడైనా స్పృహ తప్పి పడిపోయాడా? పడిపోతే ఏం చేస్తుండగా? కుటుంబంలో నలభై ఏళ్ళలోపు హఠాత్తుగా మరణించినవారు, ఈత వచ్చి కూడా నీట మునిగి చనిపోయినవారు ఉన్నారా? ఈ మూడింటికి కాగితం ఖర్చు తప్ప మరేమీ లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ దాకా పిల్లల్లో పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు, వినికిడి లోపాలు వంటివి పరీక్షిస్తారు. మదరసాల నిర్వాహకులు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగి ఈ సేవ గురించి తెలుసుకోవాలి.

పడిపోయిన పిల్లవాడు పిలిచినా పలకక, ఊపిరి తీయకుండా లేదా ఎగశ్వాస మాత్రమే తీస్తూ ఉంటే క్షణం కూడా వృథా చేయరాదు. ఒకరు 108కి ఫోన్ చేయాలి. మరొకరు పిల్లవాణ్ణి గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నడుమ ఎముక మీద అరచేతి మడమ ఆనించి, ఛాతీ మందంలో మూడో వంతు లోపలికి దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కాలి. చిన్న పిల్లలకు ఒక చేయి చాలు. శిక్షణ ఉన్నవారు ప్రతి 30 నొక్కుల తరువాత రెండుసార్లు నోటి ద్వారా ఊపిరి ఇస్తారు. శిక్షణ లేనివారు నొక్కడమైనా ఆపకూడదు. అంబులెన్సు వచ్చేదాకా ఆగిన గుండెకు బదులుగా పనిచేసేవి ఆ చేతులే. క్రికెట్ బంతి ఛాతీకి బలంగా తగిలినప్పుడు, ఆ దెబ్బ గుండె లయలోని ఒకానొక క్షణంలో పడితే, పూర్తి ఆరోగ్యవంతుని గుండె కూడా ఆగిపోవచ్చు. అప్పుడూ చేయవలసింది ఇదే. ప్రతి బడిలో, ప్రతి మదరసాలో కనీసం ఇద్దరు ఈ పద్ధతి నేర్చుకొని ఉండాలి.

చికిత్స, జాగ్రత్తలు

లాంగ్ క్యూటీ, సీపీవీటీ ఉన్న పిల్లలకు బీటా బ్లాకర్లు అనే మందులు ప్రధాన రక్షణ. వీటిని వైద్యుడు చెప్పకుండా మానకూడదు, హఠాత్తుగా మానితే ప్రమాదం పెరుగుతుంది. రమజానులో ఉపవాసం ఉంటానని పిల్లవాడు ఉబలాటపడితే, ముందుగా వైద్యుణ్ణి అడగండి. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు ఉన్నదని మనందరికీ తెలుసు. ఆ మినహాయింపును వాడుకోవడం ఈమాన్ బలహీనత కాదు. ప్రమాదం ఎక్కువగా ఉన్న కొద్దిమందికి, లయ చెదిరినప్పుడు తనంతట తానే సరిదిద్దే చిన్న యంత్రాన్ని శరీరంలో అమరుస్తారు.

లాంగ్ క్యూటీ ఉన్న పిల్లలకు కొన్ని మామూలు మందులు కూడా హాని చేయగలవు. అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్స్, వాంతులకు ఇచ్చే డాంపెరిడోన్, ఆండాన్‌సెట్రాన్ వాటిలో ఉన్నాయి. ఇతర పిల్లలకు ఇవి వైద్యుని సలహాపై వాడదగినవే. ఈ జబ్బు ఉన్న బిడ్డ తల్లి మాత్రం మెడికల్ షాపులో అడిగి మందు కొనకూడదు. జబ్బు పేరు రాసిన చీటీని ఎప్పుడూ దగ్గర ఉంచుకొని, జలుబుకు చూసే డాక్టరుకు కూడా చూపించాలి. వాంతులు, విరేచనాలు అయినప్పుడు ఒంట్లో పొటాషియం తగ్గి లయ చెదిరే ప్రమాదం ఉంది గనుక అటువంటప్పుడు ఆలస్యం చేయరాదు. ఒంటరిగా చెరువులోకి, బావిలోకి ఈతకు పంపకూడదు. ఒక బిడ్డకు ఈ జబ్బు తేలితే తల్లిదండ్రులకు, తోబుట్టువులకు కూడా ఇసిజి తీయించాలి. ఖర్చు గురించి వెనుకాడేవారు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి ప్రభుత్వ పథకం వర్తిస్తుందేమో అడగాలి.

లైప్జిగ్ బాలిక తల్లిదండ్రులు ఆశ్చర్యపోలేదన్న మాటను మరొక్కసారి తలచుకోండి. తమ పిల్లలు భయానికి, కోపానికి చనిపోతున్నారని వారికి తెలుసు. ఆ కాలంలో దానికి పేరూ లేదు, మందూ లేదు. ఈనాడు రెండూ ఉన్నాయి. మన ఇళ్ళలోనూ ఇటువంటి సంగతులు పెద్దల మాటల్లో దొర్లుతుంటాయి: "మా చిన్నమామ పెళ్ళికాకముందే కూర్చున్నచోటే పోయాడు", "మా అక్క పెద్దకొడుకు ఈత బాగా వచ్చినవాడే, బావిలో పోయాడు". ఈ రాత్రి భోజనాల దగ్గర నానీనో దాదీనో అడిగి చూడండి. అటువంటి మాట ఏదైనా వినిపిస్తే దానిని ఒక కాగితం మీద రాసుకొని, పిల్లలను వెంటబెట్టుకొని, డాక్టరు దగ్గరకు వెళ్ళండి. అల్లాహ్ మన పిల్లలందరికీ ఆరోగ్యాన్ని, మనకు వారిని జాగ్రత్తగా చూసుకునే తెలివిని ప్రసాదించుగాక. ఆమీన్.